పాత కార్ల నుంచి థర్మోస్టాట్ తీసేయమనడం సరైన సలహా కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

వేసవిలో పాత కార్లను కాపాడుకోవడం గురించి మీ పత్రిక ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. గోదావరి జిల్లాల్లో ఇంకా తిరుగుతున్న అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, స్టాండర్డ్ హెరాల్డులు, పాత విల్లీస్ జీపుల కోసం ఒక పేజీ కేటాయించినందుకు, ఇంట్లో మార్క్ 2 అంబాసిడర్‌ను ఇప్పటికీ నడుపుకుంటున్న పాఠకుడిగా ముందుగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. అయితే మనలాంటి ఎండ ప్రాంతంలో ఇంజన్‌కు నీటి వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే థర్మోస్టాట్ అక్కరలేదనీ, దాన్ని తీసేస్తే బండి హీటెక్కకుండా నడుస్తుందనీ అందులో రాసిన మాట తప్పు. తణుకు నుంచి అమలాపురం దాకా చాలా షెడ్లలో ఈ మాట ఏళ్ళ తరబడి చెలామణిలో ఉంది. షెడ్డులో చెప్పిన సలహా ఒక బండిని పాడుచేస్తే, పత్రికలో అచ్చయిన సలహా చదివి ఎందరో యజమానులు బాగున్న భాగాన్ని విప్పి అవతల పారేసే ప్రమాదం ఉంది. అందుకే ఉత్తరం పొడుగవుతుందని తెలిసినా రాయక తప్పలేదు.

సిలిండర్ హెడ్‌లో వేడెక్కిన నీరు రేడియేటర్ పైభాగానికి వెళ్ళే దారిలో, పై హోస్ పైపు తగిలించే వంపు గొట్టం కింద థర్మోస్టాట్ ఉంటుంది. ఇత్తడి చట్రంలో మైనం నింపిన చిన్న గుళిక, దాని మీద స్ప్రింగు, ఒక వాల్వు, ఇంతే దాని నిర్మాణం. నీరు నిర్ణీత వేడికి చేరగానే లోపలి మైనం కరిగి వ్యాకోచించి వాల్వును తెరుస్తుంది. నీరు చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు వాల్వును మళ్ళీ మూసేస్తుంది. 82 అని ముద్రించి ఉన్న థర్మోస్టాట్ 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, మరో పది పన్నెండు డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అంబాసిడర్‌లోని 1489 సి.సి. బి-సిరీస్ ఇంజన్ బ్రిటన్‌లో పుట్టినది. ఆ కుటుంబపు ఇంజన్లకు వేడి దేశాల కోసం 74 డిగ్రీలది, మామూలు వాడకానికి 82 డిగ్రీలది, చలి దేశాలకు 88 డిగ్రీలది సూచించేవారు. ఆ ఇంజన్‌ను రూపొందించినవారు మనలాంటి ఎండ దేశాలను కూడా లెక్కలోకి తీసుకున్నారనీ, అలా తీసుకుని కూడా థర్మోస్టాట్‌ను మానేయమనకుండా మరో అంకె ఉన్నదాన్ని వేయమన్నారనీ ఇక్కడ గమనించాలి.

మీ వ్యాసకర్త పొరబడిన చోటు ఇదే. ఇంజన్ ఏ వేడికంటే కిందికి దిగకూడదో థర్మోస్టాట్ నిర్ణయిస్తుంది. ఏ వేడికంటే పైకి పోకుండా ఉంటుందో నిర్ణయించేది రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంపు, బండి ముందు నుంచి వచ్చే గాలి. నీరు 95 డిగ్రీలు దాటాక 74 డిగ్రీల థర్మోస్టాట్ అయినా 82 డిగ్రీలది అయినా పూర్తిగా తెరుచుకునే ఉంటాయి, రెండింటి గుండా వెళ్ళే నీటిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. కాబట్టి మే నెల మధ్యాహ్నం రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లో బండి మరిగిపోతుంటే, పని చేస్తున్న థర్మోస్టాట్‌ను తీసేయడం వల్ల దక్కేది దాదాపు ఏమీ ఉండదు. అది మూసుకుని బిగుసుకుపోయి ఉంటే మాత్రం తీయవలసిందే, దాని స్థానంలో కొత్తది పెట్టవలసిందే. మైనం రకం థర్మోస్టాట్లు పాడైనప్పుడు చాలావరకు మూసుకున్న స్థితిలోనే ఆగిపోతాయి. మన మెకానిక్‌లకు దానిమీద ఉన్న అనుమానానికి ఇదొక న్యాయమైన కారణమని ఒప్పుకుంటాను. కానీ దానికి మందు రెండు మూడేళ్ళకు ఒకసారి కొత్తది వేసుకోవడం, వేసేముందు పరీక్షించుకోవడం.

థర్మోస్టాట్ లేని ఇంజన్‌కు జరిగే నష్టం పైకి కనిపించదు కనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. వేడిని చూపే మీటరులో ముల్లు ఎప్పుడూ కిందే ఉంటుంది, యజమానికి సంతోషంగా ఉంటుంది. లోపల మాత్రం సిలిండర్ గోడలు కావలసినంత వేడెక్కవు. కార్బ్యురేటర్ నుంచి వచ్చిన పెట్రోలు పూర్తిగా ఆవిరి కాకుండా ఆ గోడల మీదికి చేరి నూనె పొరను కడిగేస్తుంది, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లని లోహం తగిలి ఆయిల్‌లోనే నీరుగా మారుతుంది. ఆయిల్ పోసే మూతను విప్పి చూస్తే తెల్లటి జిగట మడ్డి కనిపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, దీన్ని చూసి బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందని కంగారుపడి హెడ్ విప్పించేవారూ ఉన్నారు. ఆ తేమ, మండగా మిగిలిన ఆమ్లాలు కలిసి సిలిండర్ గోడలను, బేరింగులను తినేస్తాయి. పాలకొల్లు నుంచి నరసాపురానికి, ఇంటి నుంచి సంతకు, గుడికి తిరిగే పాత బండ్లకు ఈ నష్టం మరీ ఎక్కువ. సంక్రాంతి రోజుల్లో మంచు పట్టిన ఉదయాన థర్మోస్టాట్ లేని ఇంజన్ గమ్యం చేరేదాకా వెచ్చబడదు, చలిలో స్టార్టు చేయడానికి లాగిన చోక్‌ను లోపలికి నెడితే ఆగిపోతుంది, పెట్రోలు దండగగా తాగుతుంది.

ఈ నమ్మకం మన ప్రాంతంలో ఇంతగా వేళ్ళూనుకోవడానికి కాలువ గట్ల మీది ఆయిల్ ఇంజన్లు ఒక కారణమని నాకనిపిస్తుంది. పాత తరం మెకానిక్‌లలో చాలామంది పని నేర్చుకున్నది నీరు తోడే ఇంజన్ల మీద. అక్కడ పంపు ఎత్తిపోసే నీటిలోంచే ఒక చిన్న గొట్టం తీసి ఇంజన్ జాకెట్‌లోంచి పంపి మళ్ళీ బోదెలోకి వదిలేసేవారు. ఎంత చల్లని నీరు పారితే ఇంజన్‌కు అంత మంచిదన్న అభిప్రాయం అలాగే కుదురుకుంది. నిజానికి ఆ ఇంజన్లు కూడా అతిగా చల్లబడి డీజిలు ఎక్కువ తాగేవి, సిలిండర్ లోపలి తొడుగులు (లైనర్లు) తొందరగా అరిగేవి.

థర్మోస్టాట్ ఉండాలని వాదించేవారు చెప్పే ఒక కారణాన్ని కూడా ఇక్కడ సరిచేయాలి. అది లేకపోతే నీరు మరీ వేగంగా పరిగెత్తుతుందనీ, రేడియేటర్‌లో చల్లారే వ్యవధి దానికి దొరకదనీ అంటారు. నీరు ఒకే చుట్టులో తిరుగుతుంది కనుక రేడియేటర్‌లో గడిపే సమయం తగ్గితే ఇంజన్‌లో గడిపే సమయం కూడా అంతే తగ్గుతుంది, వేగం పెరిగినంత మాత్రాన చల్లారడం తగ్గదు. అసలు కారణం వేరు. లాకుల దగ్గర తలుపు దింపితే ఎగువన నీటిమట్టం నిలబడినట్టే, థర్మోస్టాట్ కలిగించే అడ్డు వల్ల పంపుకూ దానికీ మధ్య, అంటే ఇంజన్ బ్లాకులోనూ హెడ్‌లోనూ, నీటికి కొంత అదనపు ఒత్తిడి నిలబడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టుపక్కల లోహం విపరీతంగా కాలుతున్నచోట ఆవిరి బుడగలు పుట్టకుండా ఆ ఒత్తిడి కాపాడుతుంది. బుడగలు పట్టిన చోటికి నీరు తగలదు, మీటరులో ముల్లు మామూలుగా ఉన్నా హెడ్ అక్కడే పగులుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటర్‌కు పోకుండా తిరిగి పంపుకు చేరే బైపాస్ దారి ఉంటుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని అంచే ఆ దారిని మూసేలా అమర్చిన ఇంజన్లలో దాన్ని తీసేస్తే, వేడి నీటిలో ఒక భాగం చల్లారకుండానే వెనక్కి వెళ్తుంది, ఇంజన్ అంతకుముందు కంటే ఎక్కువ హీటెక్కుతుంది.

కొన్ని పాత కార్లకు మాత్రం ఇది వర్తించదు. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టి వంటి వాటిలో వేడి నీరు పైకి లేచి, చల్లనిది కిందికి దిగే సహజ ప్రవాహంతోనే ఇంజన్ చల్లబడేది, మొట్టమొదటి కొద్ది బండ్లకు తప్ప వాటికి వాటర్ పంపు ఉండేది కాదు, థర్మోస్టాటూ ఉండేది కాదు. అటువంటి బండికి కొత్తగా థర్మోస్టాట్ బిగిస్తే నెమ్మదైన ఆ ప్రవాహానికి అది అడ్డుపడుతుంది. ఆ తరువాతి కాలపు కార్లలో మైనానికి బదులు, తొందరగా ఆవిరయ్యే ద్రవం నింపిన ముడతల డొల్లను వాడేవారు. దాన్ని బెలోస్ రకం అంటారు. డొల్లకు చిల్లి పడితే అది తెరుచుకునే ఉండిపోతుంది కాబట్టి ఆ విషయంలో అది నయం. అయితే బయటి ఒత్తిడి పెరిగితే అది తెరుచుకునే వేడి మారిపోతుంది కనుక, ఒత్తిడి మూత ఉన్న రేడియేటర్‌తో మైనం రకమే వాడాలి.

ఇక బిగించే పద్ధతి. కొన్న థర్మోస్టాట్‌ను ఇంట్లోనే పరీక్షించవచ్చు. వంటకు వాడని గిన్నెలో నీళ్ళు పోసి, మూసి ఉన్న వాల్వు సందులో ఒక దారం ఇరికించి, థర్మోస్టాట్‌ను ఆ దారంతోనే గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీయాలి. పక్కనే థర్మామీటరు ఉంచి నీటిని నెమ్మదిగా కాచితే, వాల్వు తెరుచుకున్న క్షణంలో అది దారం నుంచి జారి కింద పడుతుంది. ఆ క్షణంలో థర్మామీటరులో ఉన్న అంకె, చట్రం మీద ముద్రించిన అంకెకు రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. జ్వరం చూసే థర్మామీటరు 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కనుక దీనికి పనికిరాదు, కాలేజీ ప్రయోగశాలల్లో వాడే 110 డిగ్రీలది కావాలి. పాతదాన్ని విప్పేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. నీటిని హెడ్ కంటే కిందికి దించి, వంపు గొట్టాన్ని పట్టి ఉంచే నట్లకు ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టాలి. గొట్టం రాకపోతే స్క్రూడ్రైవరుతో పెకలించకుండా కొయ్య సుత్తితో పక్కలనుంచి మెల్లగా తట్టాలి. ఇక్కడ తొందరపడితే స్టడ్డు విరిగి హెడ్ లేత్ షాపుకు వెళ్ళవలసి వస్తుంది.

మైనం గుళిక ఉన్న వైపు ఇంజన్ లోపలికి, వేడి నీరు తగిలేలా ఉండాలి. తిరగేసి బిగించిన థర్మోస్టాట్‌కు వేడి నీరు సరిగా తగలదు, ఇంజన్ మరిగేదాకా అది తెరుచుకోదు. దాని అంచులో సన్నటి రంధ్రం, అందులో కదిలే చిన్న పిన్ను ఉంటాయి. ఇంజన్‌లో చిక్కుకున్న గాలి బయటికి పోయే దారి అదే కనుక, థర్మోస్టాట్ నిలువుగా కూర్చునే ఇంజన్లలో ఆ పిన్ను పైవైపుకు రావాలి. అటువంటి రంధ్రం లేనిది దొరికితే అంచులో 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించుకోవచ్చు. అంచు దాని గాడిలో సమంగా కూర్చున్నదో లేదో చూసి, కొత్త గ్యాస్కెట్ వేసి, నట్లను ఒక్కొక్కటిగా కాకుండా అన్నింటినీ కొద్దికొద్దిగా వంతులవారీగా బిగించాలి. తరువాత నీటిని నిదానంగా పోసి, మూత పెట్టకుండానే ఇంజన్‌ను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నెమ్మదిగా తిరిగేలా ఉంచాలి. పై హోస్ పైపు చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. అప్పుడు మట్టం తగ్గుతుంది కనుక మళ్ళీ పోసి, మెడకు రెండు మూడు సెంటీమీటర్ల కింద ఆపాలి. అదనపు నీటి డబ్బా లేని పాత బండిలో అంచు దాకా నింపినదంతా వేడికి పొంగి రోడ్డు మీద పడుతుంది, అది జబ్బు కాదు.

రేడియేటర్ మూత కూడా ఇంతే ముఖ్యం. దాని మీద రాసి ఉండే 4 లేదా 7 అన్న అంకె, చదరపు అంగుళానికి అన్ని పౌన్ల ఒత్తిడిని అది నిలబెడుతుందని చెబుతుంది. 4 పౌన్ల మూతతో నీరు దాదాపు 107 డిగ్రీల దగ్గర, 7 పౌన్ల మూతతో దాదాపు 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రబ్బరు వాషరు ఎండిపోయిన మూత ఉంటే ఈ లాభమంతా పోయి 100 డిగ్రీలకే నీరు మరుగుతుంది. అలాగని కొత్త కార్లకు వాడే 13, 15 పౌన్ల మూతను పాత ఇత్తడి రేడియేటర్‌కు పెడితే సీసం అతుకులు ఊడిపోతాయి. బండికి మొదట ఎంత అంకె మూత ఇచ్చారో అంతే పెట్టాలి.

డెల్టాలో పాత కార్ల రేడియేటర్లను అన్నిటికంటే ఎక్కువ పాడుచేస్తున్నది మనం పోసే నీరు. నరసాపురం, మొగల్తూరు, రాజోలు వైపు సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఉప్పు పోత ఇనుప బ్లాకును లోపలినుంచి తినేస్తుంది. కాలువ నీళ్ళు తియ్యనివే అయినా, వరద రోజుల ఎర్రనీటిలో వచ్చే సన్నటి ఒండ్రు రేడియేటర్ గొట్టాల్లోనూ, బ్లాకులో వెనక సిలిండర్ చుట్టూనూ పేరుకుంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మళ్ళీ బోరు నీళ్ళే గతి. బ్లాకు పక్కన ఉండే డ్రెయిన్ కుళాయిని విప్పితే చుక్క కూడా రాని అంబాసిడర్లు నేను చాలా చూశాను. సన్నటి తీగతో పొడిస్తే మొదట ఎర్ర బురద, ఆ తరువాత నీరు వస్తాయి. బండి మరుగుతోందని థర్మోస్టాట్ తీయించుకునే యజమాని ముందుగా ఆ కుళాయిని విప్పి చూడాలి. బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ నీరు గానీ, శుభ్రంగా పట్టిన వాన నీరు గానీ పోయడం మంచిది. మనకు నీరు గడ్డకట్టే భయం లేకపోయినా కూలెంట్ కలపాలి, అందులో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ మూడో వంతు ఉంటే చాలు, ఎక్కువైతే వేడిని మోసుకుపోయే శక్తి తగ్గుతుంది. సీసం అతుకులున్న ఇత్తడి రేడియేటర్లకు ఈనాటి సేంద్రియ ఆమ్ల రకం కంటే పాత సిలికేట్ రకమే క్షేమం. రెండేళ్ళకోసారి మార్చాలి. తీసిన ద్రవం తియ్యగా ఉండే విషం. దూడలు, కుక్కలు నాకే చోట గానీ, బోదెలో గానీ, చేపల చెరువు గట్టున గానీ దాన్ని పారబోయకూడదు.

బయటి వైపు చూస్తే, కోతల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం పొట్టు, రాత్రిళ్ళు లైట్లకు వచ్చి పడే పురుగులు రేడియేటర్ జాలీని మూసేస్తాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి నీటిధారతో కడగాలి. ఫ్యాన్ బెల్టును వేలితో నొక్కితే అర అంగుళం మించి లోపలికి పోకూడదు. ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్కు పడే సమయం, వెనకబడినా ఇంజన్ వేడెక్కుతుంది.

మన దగ్గర పాత కార్లకు నిజమైన పరీక్ష పెళ్ళి ఊరేగింపు. వైశాఖ జ్యేష్ఠాల్లో ముహూర్తాలు ఎక్కువ. బ్యాండు మేళం వెనక, ప్రతి కూడలిలో మందుగుండు కాలే దాకా ఆగుతూ, మనిషి నడక వేగంతో గంటల తరబడి బండి నడవాలి. అప్పుడు ఎదురుగాలి ఉండదు, పంపూ ఫ్యానూ ఐడిల్ వేగంతోనే తిరుగుతాయి, పైగా బంతిపూల దండలు, లైట్ల తోరణాలు ముందు గ్రిల్లును పూర్తిగా కప్పేస్తాయి. ఈ స్థితిలో థర్మోస్టాట్ ఎప్పుడో పూర్తిగా తెరుచుకుని ఉంటుంది కనుక దాన్ని నిందించడంలో అర్థం లేదు. కప్పు మీద, తలుపుల మీద ఎంత అలంకరించినా గ్రిల్లును వదిలేయమని పూల పని చేసేవారికి ముందే చెప్పాలి. ఆగినప్పుడల్లా గేరు తీసి ఇంజన్ వేగాన్ని కాస్త పెంచి ఉంచితే పంపు, ఫ్యాను బలంగా తిరుగుతాయి. కొందరు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టిస్తున్నారు. ఆల్టర్నేటర్ ఉన్న బండికి అది మంచి ఉపాయమే. డైనమో ఉన్న పాత బండిలో మాత్రం ఐడిల్ వేగంలో డైనమో దాదాపు కరెంటు ఇవ్వదు కనుక, ఫ్యాన్ బ్యాటరీని పీల్చేసి బండి కూడలి మధ్యలోనే ఆగిపోతుంది. ఒక్కోసారి నీరు మరగకపోయినా బానెట్ కింది వేడికి ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపులో పెట్రోలే ఆవిరై బండి ఆగుతుంది. అప్పుడు పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేసి కాసేపు ఆగితే సరిపోతుంది, రేడియేటర్‌ను ముట్టుకోనక్కరలేదు. మరో సంగతి, మన కోస్తా ఉక్కపోత మనుషులను బాధించినంతగా ఇంజన్‌ను బాధించదు. రేడియేటర్‌కు చెమట ఆరనక్కరలేదు, దానికి లెక్క గాలి వేడి మాత్రమే.

బండి మరిగినప్పుడు మూతను వెంటనే తీయడం, బకెట్‌తో చన్నీళ్ళు గుమ్మరించడం రెండూ ప్రమాదమే. ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటి ఉన్న నీరు మూత వదులవగానే ఆవిరిగా మారి ముఖం మీదికి చిమ్ముతుంది, చన్నీళ్ళు తగిలిన పోత ఇనుము పగులుతుంది. బండిని పక్కకు తీసి బానెట్ ఎత్తి, పై హోస్ పైపు చేతితో పట్టుకోగలిగేంత చల్లారాకే మందపాటి గుడ్డతో మూతను మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి పోయాక తీయాలి.

అందువల్ల ముహూర్తాలు మొదలయ్యేలోపు మీ వ్యాసంలోని ఆ సలహాను సవరిస్తూ ఒక ప్రకటన వేయవలసిందిగా కోరుతున్నాను. ఐటీఐలలో మోటార్ మెకానిక్ విభాగం బోధించేవారి చేత ఈ విషయం మీద ఒక వ్యాసం రాయించగలిగితే మరీ మంచిది. వీలుంటే ఆ వ్యాసంతో పాటు మైనం గుళిక ఇంజన్ వైపుకు, పిన్ను పైకి ఉండేలా థర్మోస్టాట్‌ను కూర్చోబెట్టిన బొమ్మను, షెడ్డు గోడకు అంటించుకునేంత పెద్దదిగా అచ్చు వేయించండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా